అసమదృష్టి: మందబుద్ధిగా పొరబడు నేత్రదోషము

పాఠశాలలో వెనుకబడిన బాలుని మందబుద్ధి యనుకొనుట మనకు పరిపాటి. నల్లబల్లపై అక్షరములు వానికి సరిగా కనబడుచున్నవా యని విచారించువారు తక్కువ. అట్టి బాలురలో కొందరికి గల దోషము అసమదృష్టి. దీనినే వైద్యులు ఆస్టిగ్మాటిజమ్ అందురు.

కంటి ముందుభాగమున గాజువలె స్వచ్ఛమైన పొర గలదు. దానికి శుక్లపటలమని పేరు. అది బంతివలె అన్ని దిశలందు సమానముగా వంగియున్నచో, ఒక బిందువునుండి వచ్చిన కాంతి కంటిలోని తెరపై మరల బిందువుగానే కూడును. అట్లుగాక, కోడిగ్రుడ్డు ప్రక్కభాగమువలె ఒక దిశలో ఎక్కువగాను, దానికి అడ్డముగా తక్కువగాను వంగియున్నచో, ఒక దిశలోని కిరణములు ముందుగాను, రెండవ దిశలోనివి వెనుకగాను కూడును. అప్పుడు బిందువు గీతగా సాగి కనబడును. బండిచక్రమును చూచినచో కొన్ని ఆకులు స్పష్టముగాను, కొన్ని మసకగాను తోచును. కంటిలోపలి కటకమువలనను ఈ దోషము కలుగవచ్చును. కెమెరా కటకములందును, ఏటవాలుగా ప్రవేశించు కిరణములు ఇట్లే ఒకచోట కూడక చెదరును.

1801లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ తన కంటిలోనే ఈ దోషమును కనుగొని వర్ణించెను. 1825లో జార్జి ఎయిరీ యను మరియొక ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, చదువునపుడు తన ఎడమకన్ను ఉపయోగపడకుండుట గమనించి, ఒక ముఖము స్తూపాకారముగా వంగిన కటకమును తనకై చేయించుకొనెను. నేటికిని చికిత్సకు ముఖ్యాధారము అట్టి కటకమే.

ఆ వంపు ఏ కోణమున నుండవలెనో ఒక్కొక్క కంటికి వేరుగా పరీక్షించి, డిగ్రీలలో చీటిపై వ్రాయుదురు. కావున సంతలో కొన్న జోడుగాని, పెద్దల పాత జోడుగాని బిడ్డకు పనికిరాదు. చట్రము వంకరపోయినను చూపు చెడును.

పసితనమున ఈ దోషము అధికముగానుండి సరిదిద్దబడనిచో, మెదడు ఆ కంటి చూపును గ్రహించుట సరిగా నేర్వదు. పిదప జోడు పెట్టినను పూర్తిచూపు రాకపోవచ్చును. ఆలస్యమువలన కలుగు నష్టమిదియే.

కావున పంచాయతీ సభ్యులు ఉపాధ్యాయులతో సంప్రదించి, కన్నులు చికిలించువారిని, తల ప్రక్కకు వంచి చూచువారిని, చదువునపుడు తలనొప్పి యనువారిని గుర్తింపవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ద్వారా వారికి నేత్రపరీక్ష జరుగునట్లు చూడవలెను. ఆడపిల్లకు కండ్లజోడేల యను మాట వినబడినచోట తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను. జోడు ఇచ్చుటతో పని ముగియదు; బిడ్డ దానిని ప్రతిదినము ధరించుచున్నదో లేదో విచారించుటయు సభ్యుల బాధ్యతయే.