నడుం నొప్పికి వీఆర్ పెట్టుకునే ముందు

మూడు నెలలు దాటినా వదలని నడుం నొప్పికి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కూడా ఇప్పుడు ఒక సాధనం. 2021 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ‘ఈజ్‌వీఆర్‌ఎక్స్’ అనే పరికరాన్ని పెద్దవాళ్లు డాక్టరు చీటీతో ఇంట్లోనే వాడుకోవడానికి అనుమతించింది. ఎనిమిది వారాల్లో 56 పాఠాలు, ఒక్కోటి 2 నుంచి 16 నిమిషాలు. నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, నొప్పి మీది ధ్యాస మళ్లించడం అందులో నేర్పుతారు. 179 మందితో జరిపిన పరీక్షలో ఈ పాఠాలు విన్నవారిలో 66 శాతం మందికి నొప్పి 30 శాతానికి మించి తగ్గింది. ఈ మెలకువలేవీ లేని 2డి దృశ్యాలు చూసినవారిలో 41 శాతం మందికి అంత తగ్గింది. మేలు నిజమే. కానీ అరిగిన డిస్కును ఏ హెడ్‌సెట్టూ బాగుచేయదు.

చేయవలసినవి

ముందు డాక్టరుకు చూపించి నొప్పికి కారణం తేల్చుకోండి. మూత్ర విసర్జన, మల విసర్జన మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పట్టు సడలినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఫిట్స్, కళ్లు తిరిగే జబ్బు, పేస్‌మేకర్ ఉంటే ఆ సంగతీ దాచకుండా చెప్పండి.

చేతులున్న, చక్రాలు లేని కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, నడుం వెనక చిన్న దిండు ఉండాలి. పెట్టుకోకముందే రెండు చేతులూ చాపి చుట్టూ తిప్పి చూడండి. టీపాయ్ అంచు గానీ, కాళ్ల కింద ఛార్జర్ వైరు గానీ తగలకూడదు. చాలా హెడ్‌సెట్లు అరకిలో దాకా తూగుతాయి. వెనక పట్టీ సరిగా బిగించకపోతే ఆ బరువంతా ముక్కు మీద పడి తల ముందుకు వాలుతుంది, నడుం నొప్పికి మెడ నొప్పి తోడవుతుంది.

మొదట్లో ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే వాడండి. తీశాక కాసేపు కూర్చుని, ఆ తర్వాతే లేవండి.

చేయకూడనివి

కడుపులో తిప్పుతుంటే పాఠం పూర్తి చేయాలని పంతం పట్టకండి. పై పరీక్షలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ వికారం కలిగింది. కళ్లు మూసుకుని హెడ్‌సెట్ తీసేయండి. తల తిరుగుడు పూర్తిగా తగ్గేదాకా మెట్లెక్కవద్దు, బండి తీయవద్దు.

నొప్పి తగ్గిన పూటే ఎక్కువ జాగ్రత్త కావాలి. హాయిగా ఉంది కదా అని బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు ఎత్తవద్దు. తగ్గింది నొప్పి తెలియడం మాత్రమే, కండరాలకు బలం రావాలంటే ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం చేయాల్సిందే. మాత్రలు కూడా సొంతంగా మానవద్దు.

అదే హెడ్‌సెట్‌లో దొరికే బాక్సింగ్, గెంతులాటలు ఈ చికిత్సలో భాగం కావు. వాటి జోలికి వెళ్లకండి.

అమెరికాలో ఉంటున్న పిల్లలు తమకు రాసిచ్చిన పరికరాన్ని, చూడవచ్చిన అమ్మానాన్నలకు తగిలించడం ప్రేమతోనే కావచ్చు. అయినా వద్దు. వాళ్ల నడుం పరిస్థితి వేరు, తూలి పడితే తుంటి ఎముక విరిగే వయసు వాళ్లది.

ఎండ పడే కిటికీ దగ్గర హెడ్‌సెట్ వదిలేయకండి. లెన్సుల గుండా ఎండ పడితే లోపలి తెర కాలి మచ్చలు పడతాయి.