ఎర్రర్ కోడ్ చెప్పేది లక్షణమే, కారణం కాదు
పేక నూలు అందకపోతే మరమగ్గం ఆగిపోతుందని సూరత్‌లోని లింబాయత్‌లో ఉండే తెలుగు నేత కార్మికులకు తెలుసు. నూలు తెగిందా, కండె అయిపోయిందా అన్నది మాత్రం మనిషే చూడాలి.

మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్‌లో ఎర్రర్ కోడ్ కూడా అంతే. ఐబీఎం జడ్/ఓఎస్‌లో 1128 అంటే 'కనెక్షన్ తిరస్కరణ', 1127 అంటే 'గడువు ముగిసింది'. 1128 రాగానే అవతలి ప్రోగ్రాం నడవడం లేదనుకుంటారు. కానీ దారిలోని ఫైర్‌వాల్ కూడా సర్వర్ చిరునామాతోనే తిరస్కరణ పంపగలదు. 1127 వస్తే సర్వర్ పడిపోయిందనుకుంటారు. సర్వర్ ఇచ్చిన జవాబు తిరుగుదారిలో పోయినా అదే కోడ్ వస్తుంది.

అందుకే ముందు రెండు వైపులా ప్యాకెట్ ట్రేస్ తీసి పోల్చాలి. అభ్యర్థన సర్వర్‌కు చేరనే లేదని తేలితే, సర్వర్‌ను రీస్టార్ట్ చేసి లాభం లేదు. సవ్యంగా సాగుతున్న లావాదేవీలు కూడా తెగిపోతాయి.