ఉదర డయాలిసిస్ – ఇంటివారి జాగ్రత్తలు



మూత్రపిండాలు చెడినవారిలో కొందరు ఆసుపత్రికి వెళ్ళకుండా ఇంటివద్దనే ఉదర డయాలిసిస్ చేసుకుంటారు. కడుపులో అమర్చిన మెత్తని గొట్టం ద్వారా సుమారు 2 లీటర్ల ద్రవాన్ని లోపలికి పంపుతారు. రక్తంలోని మలినాలు పెరిటోనియం అనే పలుచని పొరగుండా ఆ ద్రవంలోకి దిగుతాయి. కొన్ని గంటల తరువాత దాన్ని తీసివేసి కొత్తది ఎక్కించాలి. చేతితో మార్చుకునేవారు సాధారణంగా రోజుకు 4 సార్లు ఇలా చేస్తారు. అంటే గొట్టం మూత రోజుకు 4 సార్లు తెరుచుకుంటుందన్నమాట.

క్రిములు ఎక్కువగా చొరబడేది అప్పుడే. సామాన్యంగా అవి మన చర్మంమీద ఉండే స్టెఫైలోకాకస్ జాతివి. చేతులు సరిగా కడగకపోతే చాలు. అరుదైనవి కొన్ని వేరే దారిన వస్తాయి. పాశ్చురెల్లా మల్టోసిడా అనేది పిల్లుల నోటిలో ఉండే క్రిమి. పిల్లి గొట్టాన్ని కొరికినందువల్ల ఇది రోగి కడుపులో చేరిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి. రాత్రి యంత్రం తగిలించుకుని నిద్రపోయేవారి పక్కన పిల్లి గొట్టంతో ఆడుకుంటుంది. రోగికి ఆ సంగతే తెలియదు. పిల్లిని వెళ్ళగొట్టమని నేను చెప్పడం లేదు, ఆ గదిలోకి రానివ్వకండి. నీటిలో, మట్టిలో బ్రతికే క్షయజాతి క్రిములు మరికొన్ని. ఇవి మామూలు పరీక్షకు త్వరగా దొరకవు, మామూలు మందులకు లొంగవు. గొట్టం ఉన్నవారు చెరువు స్నానం మానాలి.

అరుదు అనే మాట వైద్యుల లెక్కలోనిది. జబ్బు వచ్చిన ఇంటికి ఆ లెక్కతో పనిలేదు.

బయటకు వచ్చిన ద్రవపు సంచి వెనుక ఈ పత్రికను పట్టుకుని చూడండి. అక్షరాలు చదవగలగాలి. ద్రవం బియ్యం కడిగిన నీళ్ళలా మసకబారితే, నొప్పి, జ్వరం లేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. సంచిని పారవేయకుండా వెంట తీసుకువెళ్ళండి. డాక్టరుగారు కోప్పడతారని దాచేవారున్నారు, మందుల షాపు మాత్రలతో రెండు రోజులు గడిపేవారున్నారు. పరీక్షకు ముందే మాత్రలు మింగితే క్రిమి పేరు బయటపడక పోవచ్చు. ఇంట్లో పిల్లి ఉందనీ, చెరువులో దిగామనీ అడగకపోయినా చెప్పండి. సకాలంలో వెళితే తగిన మందును చాలావరకు ఆ ద్రవంలోనే కలిపి ఇస్తారు. ఆలస్యమైతే గొట్టం తీసివేయవలసి రావచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు.

విచారణలోని కుటుంబాలకు ఒక మనవి. రోగిని చూడబోయినప్పుడు సంచి మార్చే వేళ గదిలోకి వెళ్ళకండి. ఫ్యాను ఆపి, తలుపులు మూసి చేయవలసిన పని అది. ప్రార్థనకు వచ్చినవారైనా, దివ్యసత్ప్రసాదం తెచ్చిన గురువైనా వరండాలో ఆగవలసిందే. మహా అయితే అరగంట పడుతుంది.