సరిహద్దు దాటిన చుక్కలు

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

మా ఊళ్లో వేగుచుక్క తెలియని రైతు లేడు. తెల్లవారుజామున మడికి నీళ్లు కట్టబోయే మా నాయన చుక్కను చూసే టైము చెప్పేవాడు. ఆ చుక్కే ఒకప్పుడు మన సైన్యాన్ని నెలల తరబడి కలవరపెట్టిందంటే నమ్ముతారా?

2012 ఆగస్టు. లడఖ్‌లో పాంగాంగ్ సరస్సు ప్రాంతం. సముద్రమట్టానికి 4 వేల మీటర్ల పైచిలుకు ఎత్తున కాపలా కాసే జవాన్లకు ఆకాశంలో వెలుగుతున్న బింబాలు కనిపించసాగాయి. చైనా వైపు నుంచి లేచి, మెల్లగా వాస్తవాధీన రేఖ దాటి మన వైపు వచ్చేవి. 2013 ఫిబ్రవరి దాకా మొత్తం 329 సార్లు కనిపించినట్టూ, వాటిలో 155 సార్లు రేఖ దాటినట్టూ సైన్యం నమోదు చేసింది. గూఢచారి డ్రోన్లేమోనని అనుమానం. రాడార్ పెట్టి చూస్తే దానికేమీ చిక్కలేదు. అనుమానం ఇంకా ముదిరింది.

చివరికి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రజ్ఞులను సంప్రదించారు. నక్షత్రాలతో పోల్చి ఆ బింబాల కదలికను గుర్తించి చూడగా, ఒకటి గురుడు, రెండోది శుక్రుడు అని తేలింది!

మరి రేఖ దాటడమేమిటి? భూమి పడమర నుంచి తూర్పుకు గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. కనుక ఆకాశంలో ప్రతిదీ తూర్పున పొడిచి పడమటికి సాగుతున్నట్టు కనిపిస్తుంది. మన కాపలావాళ్లకు తూర్పున ఉన్నది చైనా. అటు పొడిచిన ఏ చుక్కయినా ఇటు రావలసిందే గదా!

రాడార్‌కు ఎందుకు చిక్కలేదు? 2012 డిసెంబరులో గురుడు మనకు సుమారు 60 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రాడార్ తరంగం కాంతివేగంతో వెళ్లినా, అంత దూరం పోయి తిరిగి రావడానికి గంటకు పైగా పడుతుంది. విమానాలను పట్టే రాడార్‌కు అది అందేది కాదు. పైగా ఆ ఎత్తున గాలి పలచన, తేమ తక్కువ. గ్రహాలు మరింత ధగధగలాడతాయి.

జవాన్లను చూసి నవ్వుకోవడం తగదు. 2013 ఏప్రిల్‌లో అదే లడఖ్‌లోని దెప్సాంగ్‌లో రెండు సైన్యాలూ సుమారు మూడు వారాలు గుడారాలు వేసుకుని ఎదురెదురుగా నిలిచాయి. అలాంటి చోట శుక్రుణ్ణి డ్రోన్ అనుకుని తుపాకి పేలిస్తే ఏమయ్యేది? వాళ్లు పేల్చలేదు. చూసింది చూసినట్టు రాసిపెట్టి, తెలిసినవాళ్లను అడిగారు.

మిత్రులారా, ఈసారి హాస్టల్ డాబా మీద వింత వెలుగు కనిపిస్తే గాభరా పడకండి. ఏదో ఒక గోడ అంచుకు గురిపెట్టి, అది అక్కడికి వచ్చిన టైము పది రోజులు వరసగా రాయండి. నక్షత్రమైతే రోజుకు 4 నిమిషాలు ముందుగా వస్తుంది. గ్రహమైతే ఈ లెక్క కొంచెం అటూఇటూ అవుతుంది. డ్రోన్‌కు ఇలాంటి నియమం ఉండదు. దీనికి ఒక గడియారం, ఒక నోటుబుక్కు చాలు. అవి లేకుండానే మా నాయన ఆ చుక్కను ఇట్టే గుర్తుపట్టేవాడు.