రోజూ వెళ్లే దారికి మెదడులో పటం ఎక్కడుంటుంది?

దారి జ్ఞాపకానికి ముఖ్య కేంద్రం హిప్పోకాంపస్. ఫలానా చోటికి చేరినప్పుడే స్పందించే ‘స్థాన కణాలు’ అందులో ఉంటాయని జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల్లో చూపారు. పక్కనున్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో దూరాన్ని, దిశను లెక్కగట్టే ‘గ్రిడ్ కణాలను’ మోసర్ దంపతులు 2005లో గుర్తించారు. 2014 వైద్య నోబెల్ ఈ ముగ్గురిదే.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు రోజూ బండి తోలే మనిషి మలుపుల గురించి ఆలోచించడు. ఆ అలవాటును మెదడులోని మరో భాగం స్ట్రయేటమ్ చూసుకుంటుంది. పెన్నకు నీళ్లొచ్చి ఆ దారి మూసుకుపోతే మాత్రం అలవాటు అక్కరకు రాదు. ప్రొద్దుటూరు ఆగ్నేయ దిక్కున ఉంది, అక్కడ ఏరు దాటొచ్చు అని తోచాలంటే మనసులో పటం ఉండాలి. అది హిప్పోకాంపస్ పని. మతిమరుపు జబ్బు అల్జీమర్స్ మొదట దెబ్బతీసే భాగాల్లో ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. తెలిసిన వీధిలోనే పెద్దలు దారి తప్పడానికి అదొక కారణం.