నలుగురి చందాతో ఒక ఆట



ఊళ్లో అమ్మవారి పండగ వస్తుంది. పండగకి ముందు ఊరు కూర్చుంటుంది. ఈ ఏడు డ్రామా పెట్టాలా, తప్పెటగుళ్లు పెట్టాలా అని మాట్లాడుకుంటారు. ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తారు. ఇంటికి ఇంత అని చందా కడతారు. డ్రామా ఇంకా ఆడలేదు. వేషగాళ్లు ఊళ్లోకి రానేలేదు. అయినా మనం డబ్బు ఇస్తాం. ఎందుకు? ఆ ఆట మనకి కావాలి. ఆడేవాళ్ల మీద నమ్మకం ఉంది. డబ్బు పట్టుకున్నవాళ్లు మన కళ్ల ముందే తిరుగుతుంటారు.

ఇదే పని వేల మంది కలిసి చేస్తే ఎలా ఉంటుంది? ఒకరి ముఖం ఒకరు ఎప్పుడూ చూడని వాళ్లు చేస్తే? అలాంటి సంగతి ఒకటి ఈ పాఠంలో చదువుదాం.

1. ఏమిటా ఆట?

వీడియో ఆట అంటే తెర మీద ఆడే ఆట. మన పిల్లలు ఫోనులో ఆడుతుంటారు. కారు తోలుతారు. తుపాకీ పేలుస్తారు. "ఆ ఫోను అక్కడ పడేసి పుస్తకం తియ్యి" అని మనం కేకలేస్తాం.

వీడియో ఆటల్లో ఇంకో రకం కూడా ఉంది. దాన్ని సాహస కథ ఆట అనుకుందాం. అందులో తొందర ఉండదు. కాల్చడం ఉండదు. కథ ఉంటుంది. మన జానపద సినిమాలు గుర్తు చేసుకోండి. రాకుమారుడు గుహ తలుపు తియ్యాలి. తాళం చెవి ఎక్కడో చెట్టు తొర్రలో ఉంటుంది. సినిమాలో అతను వెతుకుతాడు, మనం చూస్తాం. ఈ ఆటలో మనమే వెతకాలి. ఎవరిని ఏం అడగాలి? ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుంది? పొడుపుకథ విప్పినట్టు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవాలి.

ఇటువంటి ఆటలు 1980ల్లో, 1990ల్లో అమెరికాలో బాగా ఆడేవారు. 1990లో 'మంకీ ఐలాండ్' అనే ఆట వచ్చింది. దాన్ని తయారు చేసిన వాళ్లలో టిమ్ షేఫర్ అనే ఆయన ఒకరు. తరవాత కాలం మారింది. పరుగులు, కాల్పులు ఉన్న ఆటలు ఎక్కువగా అమ్ముడయ్యాయి. కథ ఆటలకి డబ్బు పెట్టడానికి పెద్ద కంపెనీలు వెనకాడాయి. మన దగ్గర సినిమా హాళ్లు వచ్చాక డ్రామా కంపెనీల గతి ఏమయింది? అదీ అలాగే.

2. కంపెనీలు కాదంటే జనం ఇచ్చారు

టిమ్ షేఫర్‌కి అప్పట్లో డబుల్ ఫైన్ అనే సొంత కంపెనీ ఉండేది. ఆయనకి పాత రకం ఆట ఇంకొకటి చెయ్యాలని ఉంది. పెట్టుబడి పెట్టేవాళ్లు లేరు. అప్పుడు ఆయన ఆడేవాళ్లనే అడిగాడు.

అది 2012 ఫిబ్రవరి నెల. కిక్‌స్టార్టర్ అనే సంస్థ ద్వారా ఇంటర్నెట్‌లో అడిగాడు. "నాకు 4 లక్షల డాలర్లు కావాలి. మీరు తలా కొంత వెయ్యండి. 15 డాలర్లు ఇచ్చినవాళ్లకి ఆట తయారయ్యాక ఒకటి ఇస్తాను" అన్నది ఆయన మాటల సారాంశం. అప్పట్లో డాలరు సుమారు 50 రూపాయలు. అంటే 4 లక్షల డాలర్లు సుమారు 2 కోట్ల రూపాయలు.

ఆ సంస్థకి ఒక నియమం ఉంది. గడువు లోపల అనుకున్న మొత్తం పోగవ్వాలి. పోగవ్వకపోతే ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. ఈ నియమం మంచిది. సగం డబ్బుతో పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసే ప్రమాదం కొంత తగ్గుతుంది.

ఆ ఆటకి అప్పటికి కథ రాయలేదు. పేరు కూడా పెట్టలేదు. అయినా ఒక్క రోజు తిరక్కుండానే అడిగిన 4 లక్షలూ వచ్చేశాయి. గడువు ముగిసేసరికి 87 వేల మందికి పైగా జనం 33 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. మన లెక్కలో 16 కోట్ల రూపాయల పైమాటే.

"ఇదేటి పంతులమ్మా! తిండికి కాదు, గుడ్డకి కాదు, ఆటకా ఇంత డబ్బు?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కాని మన పెద్దవాళ్లు పగలంతా చెరకు కొట్టి, రాత్రంతా డ్రామా చూడలేదా? దానికి చందా ఇవ్వలేదా? మనిషికి కూడు కావాలి. కథ కూడా కావాలి.

3. ఆటలో ఏం కథ?

ఆటకి తరవాత 'బ్రోకెన్ ఏజ్' అని పేరు పెట్టారు. అందులో ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు ఉంటారు. ఆడపిల్ల పేరు వెల్లా. పిల్లవాడి పేరు షే. ఇద్దరి కథా మనమే నడపాలి.

వెల్లా ఊళ్లో ఒక ఆచారం ఉంది. ఒక పెద్ద రాక్షస జంతువు వస్తుంది. దానికి కన్నెపిల్లల్ని అర్పించాలి. ఆ ఊరు కేకులు చేసే ఊరు. పిల్లల్ని కూడా కేకుల లాగే ముస్తాబు చేసి నిలబెడతారు. "రాక్షసి నిన్ను కోరుకోవడం మన ఇంటికే గౌరవం" అని సొంత ఇంటివాళ్లే అంటారు. 

బకాసురుడి కథ మనకి తెలుసు. ఏకచక్రపురంలో వంతుల వారీగా ఇంటికొక మనిషిని పంపేవారు. చివరికి భీముడు వెళ్లి రాక్షసుణ్ణి చంపాడు. ఈ కథలో భీముడు రాడు. "మనం ఎందుకు లొంగాలి? ఎందుకు పోరాడకూడదు?" అని వెల్లాయే అడుగుతుంది. అడిగి ఊరుకోదు. తప్పించుకుని, రాక్షసిని ఎదిరించే దారి వెతుకుతుంది.

గౌరవం పేరు చెప్పి ఆడపిల్లని బలిచ్చే ఆచారాలు కథల్లోనే ఉన్నాయా? చదువు మాన్పించి చిన్నప్పుడే పెళ్లి చెయ్యడం ఎటువంటిది? ఆలోచించండి.

4. డబ్బు ఎక్కువైతే ఏమయింది?

ఇక్కడే అసలు పాఠం ఉంది. అడిగినదానికి ఎనిమిది రెట్లు డబ్బు వచ్చింది. ఇక కష్టం లేదనుకుంటాం. కాని అలా జరగలేదు.

డబ్బు పెరిగింది. దానితో పాటు పని కూడా పెరిగింది. కథ పెద్దదయింది. బొమ్మలు ఎక్కువయ్యాయి. పేరున్న నటుల చేత గొంతు ఇప్పించారు. చిన్న పందిరి వేద్దామని మొదలుపెట్టి మేడ కట్టినట్టయింది. 2012 చివరికి ఇస్తామన్న ఆట అప్పటికి తయారు కాలేదు. 2013 జులైలో టిమ్ షేఫర్ చందాదారులకి నిజం చెప్పాడు. "తలపెట్టిన ఆటకి ఉన్న డబ్బు చాలదు" అన్నాడు.

అప్పుడు ఒక ఉపాయం చేశారు. ఆటని రెండు భాగాలు చేశారు. మొదటి భాగం ముందు అమ్మి, ఆ డబ్బుతో రెండోది పూర్తి చెయ్యాలి. చందా ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వక్కరలేదు. కొందరికి కోపం వచ్చింది. "అంత ఇచ్చాం, ఎలా చాల్లేదు?" అని నిలదీశారు. కొందరు ఓపిక పట్టారు. మొదటి భాగం 2014 జనవరిలో వచ్చింది. రెండోది 2015 ఏప్రిల్‌లో వచ్చింది. ఆలస్యమైంది, కాని మాట నిలబడింది.

ఎందుకు నిలబడింది? ఒక కారణం చూడండి. మొదటి నుంచీ పని జరుగుతున్న తీరు కెమెరాతో తీసి చందాదారులకి చూపించారు. తగాదాలు, తప్పులు, డబ్బు చాలని బాధ కూడా చూపించారు. దాచినది తక్కువ. అందుకే నమ్మకం పూర్తిగా పోలేదు.

అందరూ ఇలా ఉండరు. ఇలా చందా పోగుచేసి, వస్తువు ఇవ్వకుండా పోయినవాళ్లు కూడా ఉన్నారు. 

5. మన దేశంలో, మన దగ్గర

ఈ పని మనకి కొత్త కాదు. 1976లో 'మంథన్' అనే హిందీ సినిమా వచ్చింది. శ్యామ్ బెనెగల్ తీశాడు. అది పాల సహకార సంఘాల కథ. గుజరాత్‌లో 5 లక్షల మంది పాల రైతులు తలా 2 రూపాయలు వేశారు. 10 లక్షల రూపాయలు పోగయ్యాయి. అదే ఆ సినిమా పెట్టుబడి. తమ సినిమా చూసుకోవడానికి రైతులు లారీలెక్కి వెళ్లారు. 2024లో ఆ సినిమాని బాగుచేసి ఫ్రాన్స్ దేశంలో కాన్ సినిమా పండగలో మళ్లీ చూపించారు.

తెలుగులో కూడా జరిగింది. ఫణీంద్ర నర్సెట్టి అనే యువకుడు 'మధురం' అనే చిన్న సినిమా తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. అది చాలామందికి నచ్చింది. తరవాత పెద్ద సినిమా తియ్యాలనుకుని జనాన్నే అడిగాడు. వంద మందికి పైగా డబ్బు పెట్టారు. ఆ సినిమా పేరు 'మను'. 2018లో విడుదలయింది.

మన గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చూడండి. అది సహకార ఫ్యాక్టరీ. చెరకు రైతులు వాటాలు కట్టి సభ్యులయ్యారు. అదీ తలా కొంత వేసుకున్నదే. కాని అది చందా కాదు, వాటా. ఈ తేడా బాగా తెలుసుకోవాలి.

6. ఏ డబ్బు ఏమిటి?

చందా: ఇష్టపడి ఇచ్చేది. తిరిగి రాదు. పని జరిగిందా లేదా అని అడగవచ్చు.

వాటా: ఇచ్చినవాళ్లు యజమానుల్లో ఒకరవుతారు. లాభం వస్తే పంచుకుంటారు. నష్టం వస్తే భరిస్తారు. మీటింగులో ఓటు ఉంటుంది.

అప్పు: తిరిగి రావాలి. గడువు, వడ్డీ కాగితం మీద ఉండాలి.

పొదుపు: సంఘంలోనో, బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో మన పేరున దాచుకున్నది. పాసుపుస్తకంలో పడాలి.

చిట్టీ: నెల నెలా కట్టి, పాటలో తీసుకునేది. దీనికి 1982లో చట్టం చేశారు. చిట్టీ నడిపేవాళ్లు ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి.

ఆట కోసం 87 వేల మంది ఇచ్చినది వీటిలో ఏది? వాటా కాదు. ఆట బాగా అమ్ముడైనా వాళ్లకి లాభం రాదు. అప్పు కాదు, వడ్డీ రాదు. అది దాదాపు చందా లాంటిది. ఆట తయారైతే ఒకటి అందుతుంది, అంతే. ఈ సంగతి తెలిసే వాళ్లు ఇచ్చారు. తెలిసి ఇస్తే బాధ తక్కువ. చందా ఇచ్చి వాటా అనుకుంటేనే మోసపోతాం.

7. ఇచ్చే ముందు అడగండి

ఇప్పుడు ఫోను మీద కూడా డబ్బు అడుగుతున్నారు. ఎవరు అడిగినా, ఎందుకు అడిగినా ఈ ఆరు ప్రశ్నలు వెయ్యండి.

ఒకటి, అడుగుతున్నది ఎవరు? ఇదివరకు ఏం పని చేశారు?
రెండు, మొత్తం ఎంత కావాలి? దేనికి ఎంత?
మూడు, అంత పోగవ్వకపోతే మా డబ్బు వెనక్కి ఇస్తారా?
నాలుగు, ఎప్పటికి పూర్తవుతుంది?
అయిదు, లెక్క ఎప్పుడెప్పుడు చూపిస్తారు?
ఆరు, రశీదు ఏది?

ఇంకొక్క మాట. "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ను నొక్కండి" అని ఎవరైనా అంటే నొక్కవద్దు. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. పోవడానికే కావాలి.

"అడిగితే ఏమనుకుంటారో" అని మనం ఆగిపోతాం. కూలి డబ్బులో, పాల డబ్బులో మిగిల్చి ఇచ్చేది మనం. అడిగే హక్కు మనది. నిజాయితీగా పనిచేసేవాళ్లు లెక్క అడిగితే కోపగించుకోరు. కాగితం చూపిస్తారు. ఇదివరకు ఆ కాగితం మీద వేలిముద్ర వేసేవాళ్లం. ఇప్పుడు మీకు అక్షరం వచ్చింది. ముందు చదవండి. అంకెలు చూడండి. తరవాతే సంతకం చెయ్యండి.

కొత్త మాటలు

గడువు – ఫలానా తేదీ లోపల అని పెట్టుకున్న సమయం
పెట్టుబడి – పని మొదలుపెట్టడానికి వేసే డబ్బు
రశీదు – డబ్బు ముట్టినట్టు రాసి ఇచ్చే కాగితం
సారాంశం – చెప్పినదానిలో ముఖ్యమైన సంగతి

లెక్క చెయ్యండి

1. ఒక్కొక్కరు 2 రూపాయలు చొప్పున 5 లక్షల మంది వేస్తే ఎంత?
2. ఆటకి ఒక్కొక్కరు సగటున 38 డాలర్లు ఇచ్చారు. డాలరు 50 రూపాయలైతే అది ఎన్ని రూపాయలు?
3. మీ సంఘంలో 15 మంది ఉన్నారు. వారానికి తలా 20 రూపాయలు వేస్తే 10 వారాలకి ఎంత?

జవాబు రాయండి

1. అనుకున్న డబ్బు గడువు లోపల రాకపోతే ఆ సంస్థ ఏం చేస్తుంది?
2. డబ్బు ఎక్కువ వచ్చినా ఆట ఎందుకు ఆలస్యమైంది?
3. చందాకి, వాటాకి తేడా ఏమిటి?

మాట్లాడుకోండి

మీ ఊరి పండగ చందా లెక్క ఎవరు రాస్తారు? ఆ పుస్తకం మీరు ఎప్పుడైనా చూశారా? వచ్చే పండగకి ఆ లెక్క మీలో ఒకరు రాస్తే ఎలా ఉంటుంది?