ఫ్రేముల నడుమ చలనం

హైదరాబాదు నగరానికి పడమట మాదాపూరులో, 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. హైటెక్ సిటీకి అదే నాంది. ఆ పేరు వినగానే సాఫ్ట్‌వేర్ కొలువులు, అద్దాల మేడలు మనసున మెదలడం సహజం. అయితే బొమ్మకు నడక నేర్పే విద్య కూడా ఈ నగరంలో వేళ్లూనుకొన్నది. 2008లో టెలివిజన్‌లో ప్రసారం ఆరంభమైన ‘ఛోటా భీమ్’ హైదరాబాదుకు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టి. 2012 నాటి ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రానికి అమెరికా సంస్థ రిథమ్ అండ్ హ్యూస్ చేసిన పనిలో దాని హైదరాబాదు శాఖకూ పాలున్నది. ఇంతటి విద్యకు ఆధారమైన సూత్రాలలో ముఖ్యమైనది కీఫ్రేము.

వెండితెరపై సెకనుకు 24 చిత్రాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒక్కొక్కటి ఒక ఫ్రేము. ఏ ఫ్రేములోనూ కదలిక లేదు. వాటి వరుసలో మాత్రమే ఉన్నది. రెండు గంటల చిత్రానికి 1,72,800 ఫ్రేములు కావాలి. చేతితో బొమ్మలు గీసే కాలంలో ప్రధాన చిత్రకారుడు ముఖ్యమైన భంగిమలను మాత్రమే గీసేవాడు. వాటి నడుమ రావలసిన చిత్రాలను సహాయకులు పూరించేవారు. ఆ సహాయకుల పేర్లు చాలావరకు లోకానికి తెలియవు. 1970ల ఆరంభంలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలీ వైన్ అనే శాస్త్రజ్ఞులు ఆ పూరణను కంప్యూటర్‌కు అప్పగించారు. వారి పద్ధతితో పీటర్ ఫోల్డెస్ రూపొందించిన ‘హంగర్’ అనే లఘుచిత్రం 1974లో వెలువడింది.

నేటి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ సూత్రం అదే. ఒక చిత్రం పేరు తెర ఎడమ అంచు నుండి నడిమికి జరిగి రావాలనుకొందాం. టైమ్‌లైన్‌పై ఆరంభస్థానంలో అక్షరాలను ఎడమ అంచున నిలిపి ఒక కీఫ్రేము ఉంచాలి. రెండు సెకన్ల తరువాత వాటిని తెర నడిమికి చేర్చి మరొకటి ఉంచాలి. నడుమ దూరం 960 పిక్సెళ్లు, కాలం 48 ఫ్రేములు అయితే, ఫ్రేముకు 20 పిక్సెళ్ల వంతున కంప్యూటరే జరుపుతుంది. స్థానానికే కాదు, మసక, వర్ణం, పరిమాణం, ధ్వని తీవ్రత మొదలైనవాటిలో సంఖ్యతో కొలవదగిన ప్రతి గుణానికీ ఈ పద్ధతి వర్తిస్తుంది. కొత్తగా నేర్చేవారు తరచు మొదటి కీఫ్రేము పెట్టడం మరచి రెండవ చోట విలువను మార్చుతారు. అప్పుడు కదలిక పుట్టదు; దృశ్యమంతా ఒకేసారి మారిపోతుంది. ఎక్కడ నుండి బయలుదేరాలో యంత్రానికి చెప్పనిదే అది ప్రయాణం చేయదు.

అవధాన విద్య తెలిసినవారికి ఇక్కడ దత్తపది స్ఫురించక మానదు. పృచ్ఛకుడు నాలుగు పదాలిస్తాడు. అవధాని వాటిని పాదానికొకటిగా ఇమిడ్చి, కోరిన అర్థంలో పద్యం పూర్తిచేస్తాడు. కీఫ్రేములోనూ కొన్ని నియత స్థానాలు, వాటి నడుమ పూరణ ఉన్నాయి. కాని పాత్రలు తారుమారైనవి. ఇక్కడ నియత స్థానాలను ఎంచుకొనేవాడు కళాకారుడు, పూరించేది యంత్రం. ఆ పూరణ తొలుత వ్యర్థపదాలతో పాదం నింపిన పద్యంలా ఉంటుంది. లెక్క సరిపోతుంది, జీవం కనిపించదు.

ఎందుకు కనిపించదో ఒక బంతి చెబుతుంది. పైనుండి నేలకు రాలే బంతికి పైన ఒక కీఫ్రేము, నేలపై ఒక కీఫ్రేము ఉంచితే యంత్రం దానిని సమవేగంతో దించుతుంది. చూచేవారికి అది దారంతో దింపిన బంతిలా తోస్తుంది. ప్రకృతిలో రాలే వస్తువు సమాన కాలఖండాలలో 1, 3, 5, 7 నిష్పత్తిలో దూరాలు దాటుతుంది. కనుక పైన మెల్లగా కదలి, నేలను తాకే వేళకు వేగం పుంజుకోవాలి. ఇందుకై సాఫ్ట్‌వేర్‌లో వేగరేఖను వంచే సదుపాయం ఉన్నది. ఆ వంపులకు బెజియర్ వక్రాలని పేరు. ఫ్రాన్సు దేశపు రెనో కార్ల సంస్థలో పనిచేసిన ఇంజనీరు పియర్ బెజియర్ పేరుమీద అవి ప్రసిద్ధికెక్కాయి. కారు రూపురేఖలకై వాడిన గణితం బంతికి బరువును ప్రసాదించడం విచిత్రం కాదా! అదే వంపును తప్పుగా ప్రయోగించి, నేలను తాకేచోట కూడా వేగం తగ్గిస్తే బంతి ఈకలా వాలుతుంది.

ఈ విద్య తెలుగు తెరపై కఠిన పరీక్షకు నిలిచిన చిత్రం 2012 జూలై 6న విడుదలైన ‘ఈగ’. దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి. హైదరాబాదులోని మకుట వి.ఎఫ్.ఎక్స్. సంస్థ ఆ ఈగను తెరపై నడిపించింది. కథానాయకుడు మరణించి ఈగగా పుట్టి పగ తీర్చుకొంటాడు. ఆ ఈగ మాటలాడదు. ముఖంలో కళ్లే ప్రధానం. కనుబొమలు లేవు, పెదవులు లేవు. ఇక కోపం, దుఃఖం, కొంటెతనం దేహభంగిమల్లోనే పలకాలి. ఇందుకు 1986లో పిక్సార్ సంస్థ నిర్మించిన ‘లక్సో జూనియర్’ లోని బల్లదీపం స్ఫూర్తినిచ్చింది. ముఖమే లేని ఆ దీపం వంగడం, ఎగరడం, ఆగడం ద్వారానే బిడ్డలా అనిపిస్తుంది. ‘ఈగ’ ఆ సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలవగా, మకుట సంస్థకు ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం లభించింది.

చేతితో నడిమి చిత్రాలు గీసిన సహాయకుల పనిని కంప్యూటర్ ఏనాడో స్వీకరించింది. ఇప్పుడు కృత్రిమ మేధ నడిమి చిత్రాలను ఊహించి గీయడమూ మొదలైనది. ఉద్యోగం కోరి మాదాపూరు చేరే యువతకు ఇది చిన్న విషయం కాదు. పూరించడం మాత్రమే నేర్చినవారికి చోటు కుంచించుకుపోతున్నది. భంగిమను ఎంచి, దాని కాలాన్ని నిర్ణయించగలవారి మాట వేరు. శత్రువు అడుగుల చప్పుడు వినబడి ఒక చిన్ని జీవి తల తిప్పాలనుకొందాం. తిప్పేముందు అది రెండు ఫ్రేములు ఆగితే ఉలికిపాటుగా తోస్తుంది, పన్నెండు ఫ్రేములు ఆగితే ఏదో ఆలోచిస్తున్నట్లు తోస్తుంది. రెండా, పన్నెండా అన్నది ఆ జీవి మనసు తెలిసినవారు తేల్చవలసిన లెక్క.